ఎం22 గుచ్ఛములోని కృష్ణబిలాలు

ఎం22 ధనూరాశిలో, భూమికి సుమారు 10,000 కాంతి సంవత్సరాల దూరములో ఉన్న గోళాకార నక్షత్ర గుచ్ఛము. 2012లో అమెరికాలోని వెరీ లార్జ్ అరే రేడియో దూరదర్శినితో ఇందులో రెండు మందమైన రేడియో మూలాలను కనుగొన్నారు. ఇవి సహచర నక్షత్రాల నుండి పదార్థాన్ని లాగుకొంటున్న కృష్ణబిలాలు కావచ్చని శాస్త్రజ్ఞుల భావన.

పదార్థము నెమ్మదిగా పడుతున్నపుడు, ఎక్స్-కిరణాలలో సమాన కాంతి గల న్యూట్రాన్ నక్షత్రము కంటే కృష్ణబిలము సాధారణంగా రేడియోలో ఎక్కువ ప్రకాశిస్తుంది. చంద్రా ఉపగ్రహ చిత్రాలలో ఈ రెండూ కనబడలేదు. ఎక్స్-కిరణాలతో మాత్రమే వెదకితే ఇవి దొరికేవి కావు.

గుచ్ఛాలలోని కృష్ణబిలాలు గురుత్వాకర్షణ వలన ఒకదానినొకటి బయటకు విసరివేయగా, చివరకు ఒకటి మిగిలితే గొప్ప అని అంతకుముందు అంచనా. ఒకేచోట రెండు కనబడడముతో అది సడలింది. అయితే రేడియో, ఎక్స్-కిరణాల నిష్పత్తి ఆధారమే గాని ఋజువు కాదు, ద్రవ్యరాశిని తూచవలసినదే. 2018లో ఎన్‌జీసీ 3201 గుచ్ఛములో సహచర నక్షత్ర వేగాన్ని కొలిచి, సూర్యునికి కనీసం 4 రెట్ల ద్రవ్యరాశి గల కృష్ణబిలాన్ని గుర్తించారు.