కుజగ్రహవాసి చెబితే తప్పులేదు

ఒక నల్లజాతి బాలుడి హత్యపై నాటకం రాయనివ్వని టెలివిజన్‌లోనే, అంతకంటె చేదు నిజాలను కోట్లాది ప్రేక్షకులకు వినిపించాడు రాడ్ సెర్లింగ్. ఆయన చేసిందల్లా కథను భూమిమీద నుంచి కాస్త పక్కకు జరపడమే.

అది వేసవి శనివారం సాయంత్రం. మేపుల్ స్ట్రీట్ అనే వీథిలో పిల్లలు ఆడుకుంటున్నారు. పెద్దలు ఇంటి ముందు పనులు చక్కబెట్టుకుంటూ ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. ఇంతలో ఆకాశాన ఏదో పెద్ద చప్పుడుతో, కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగుతో దూసుకుపోయింది. ఉల్క కాబోలు అనుకున్నారు అందరూ. కాని మరుక్షణంలో విద్యుత్తు ఆగిపోయింది, టెలిఫోన్లు మూగబోయాయి, కార్లు కదలలేదు.

సంగతేమిటో కనుక్కొని వస్తానని ఒకాయన పక్క వీథికి బయలుదేరాడు. తాను చదివిన బొమ్మల కథల్లో సరిగ్గా ఇలాగే జరిగిందని ఒక కుర్రవాడు అన్నాడు. గ్రహాంతరవాసులు దండెత్తి వచ్చే ముందు, అచ్చం మనుషుల్లాగే కనిపించే ఒక కుటుంబాన్ని ముందుగా పంపుతారట! పెద్దలు నవ్వారు. అంతలో ఒకరి కారు దానంతట అదే మొరాయింపు మాని గుర్రుమన్నది. నవ్వులు ఆగిపోయాయి. ఆ కారు యజమాని అర్ధరాత్రి వేళ ఆకాశంకేసి చూస్తూ నిలబడతాడని ఒక పొరుగామె గుర్తు చేసుకున్నది. మరొకాయన ఇంట్లో కూర్చుని ఏదో రేడియో తయారు చేసుకుంటున్నాడన్న మాట బయటికి వచ్చింది. చీకటి పడింది. వీథి చివరినుంచి ఒక ఆకారం నడిచి వస్తున్నది. తుపాకి పేలింది. దగ్గరకు వెళ్ళి చూస్తే, నేలకూలినవాడు పక్క వీథికి వెళ్ళిన తమ పొరుగువాడే!

ఆ తరువాత వీథినిండా రాళ్ళు, కేకలు, తుపాకి మోతలు. దూరాన గుట్టమీద నిలబడిన ఇద్దరు గ్రహాంతరవాసులు ఇదంతా చూస్తున్నారు. కాసేపు దీపాలూ యంత్రాలూ ఆపితే చాలు, మిగిలిన పని మనుషులే పూర్తి చేస్తారని ఒకడు రెండవవాడికి వివరిస్తున్నాడు.

ఈ అరగంట నాటిక 1960 మార్చి 4న అమెరికాలోని సి.బి.ఎస్. టెలివిజన్‌లో ప్రసారమయింది. ఇందులో గ్రహాంతరవాసులు కనబడేది చివరి ఘట్టంలో మాత్రమే. తక్కినదంతా ఇరుగుపొరుగుల కథ. పక్కవాడు కమ్యూనిస్టేమోనన్న అనుమానంతో సాటి పౌరుల ఉద్యోగాలూ పరువులూ తీసిన 1950 ప్రాంతాల అమెరికాలో, ఆ వీథి ఏదో చూసేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ ధారావాహిక పేరు 'ట్వైలైట్ జోన్' — సంధ్యాసీమ అని చెప్పుకోవచ్చు. మొత్తం 156 కథల్లో 92 కథలను రాసినవాడు, తన గొంతుతో ప్రతి కథనూ పరిచయం చేసినవాడు రాడ్ సెర్లింగ్.

సీసా కూడా కనిపించరాదు

సెర్లింగ్ మొదట వైజ్ఞానిక కల్పనా రచయిత కాడు. 1955 జనవరిలో ప్రసారమైన 'పాటర్న్స్' అనే నాటకం ఆయనకు ఒక్క రాత్రిలో పేరు తెచ్చింది. ఒక పెద్ద కంపెనీలో, వయసు మళ్ళిన ఉద్యోగిని అవమానాలతో సాగనంపే క్రౌర్యం అందులోని ఇతివృత్తం. నాటకాలను నటీనటులు ఎప్పటికప్పుడు ప్రత్యక్షంగా ప్రదర్శించే రోజులవి. ప్రేక్షకుల కోరికమీద నెల తిరక్కుండానే ఆ నాటకాన్ని మళ్ళీ ప్రదర్శించవలసి వచ్చింది. 1956లో, దెబ్బతిన్న ఒక ముష్టియోధుని కథతో ఆయన కీర్తి రెట్టింపయింది.

ఈ రెంటికీ నడుమ, 1955 ఆగస్టులో, మిసిసిపీ రాష్ట్రంలో ఒక ఘోరం జరిగింది. చికాగో నుంచి చుట్టాలింటికి వచ్చిన ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ళ నల్లజాతి బాలుడు, ఒక తెల్ల స్త్రీతో అమర్యాదగా ప్రవర్తించాడన్న ఆరోపణకు బలి అయిపోయాడు. అతణ్ణి చిత్రహింసలు పెట్టి చంపి నదిలో పారవేశారు. అంతా తెల్లవారే ఉన్న జ్యూరీ గంటకు కొంచెం పైగా ఆలోచించి, నిందితులిద్దరినీ నిర్దోషులని విడిచిపెట్టింది. కొద్దినెలల తరువాత, తామే చంపామని వారే ఒక పత్రికకు చెప్పారు.

హంతకుణ్ణి కాపాడేందుకు ఒక ఊరు ఊరంతా ఒక్కటై నిలబడడం సెర్లింగ్ మనసును కలచివేసింది. దానిని నాటకంగా రాశాడు. అయితే ఆనాటి టెలివిజన్‌లో చివరి మాట ప్రాయోజకులది. కార్యక్రమానికి డబ్బు పెట్టే కంపెనీకి, దక్షిణాది రాష్ట్రాల్లోని తన ఖాతాదారులు నొచ్చుకోవడం ఇష్టముండదు. టిల్ హత్యకు ఈ నాటకానికి సంబంధం ఉన్నదన్న వార్త పత్రికల్లో రాగానే, నల్లవారికి సమాన హక్కులు కూడదనే సంఘాల నుంచి బెదిరింపు ఉత్తరాలు వెల్లువెత్తాయి. అంతటితో కత్తెర పని మొదలయింది. కథ జరిగే చోటు దక్షిణాది నుంచి ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండుకు మారింది. హతుడు పేరులేని విదేశీయుడయ్యాడు. కోకాకోలా దక్షిణాదిని గుర్తుకు తెస్తుందని రంగస్థలం మీది ఆ సీసాలను కూడా తీసివేశారు! 1956 ఏప్రిల్‌లో ప్రసారమైన ఆ నాటకంలో, రచయిత చెప్పదలచుకున్న సంగతి తప్ప అన్నీ ఉన్నాయి.

పట్టు విడవక 1958లో అదే ఇతివృత్తాన్ని మరోసారి చేపట్టాడు. ఈసారి కథను దాదాపు 90 ఏళ్ళు వెనక్కు నెట్టి, హతుణ్ణి మెక్సికన్‌గా మార్చారు. ఇటువంటి విడ్డూరాలు ఆ రోజుల్లో కొల్లలు. నాజీల నరమేధాన్ని గురించిన ఒక నాటకానికి 1959లో గ్యాస్ పరిశ్రమల సంఘం ప్రాయోజకత్వం వహించింది. యూదులను హతమార్చిన గ్యాస్ గదుల ప్రస్తావన వచ్చిన చోటనల్లా 'గ్యాస్' అన్న మాట వినబడకుండా ధ్వనిని ఆపివేశారు.

అమెరికన్ సెనేట్‌ను గురించి సెర్లింగ్ రాసిన మరొక నాటకంలో సెనేటర్లు ఏ రాజకీయ సమస్యనూ పేరెత్తి చర్చించడానికి వీలులేకపోయింది. ఆ కథను 2057వ సంవత్సరంలో పెట్టి, సెనేటర్లను మరమనుషులుగా చూపించి ఉంటే చెప్పదలచుకున్నది చెప్పగలిగేవాణ్ణేమోనని ఆయన తరువాత రాసుకున్నాడు. వేళాకోళంగా అన్న ఆ మాటే దారి చూపింది.

ముసుగు దొరికింది

డెమొక్రాట్లూ రిపబ్లికన్లూ నోరు మెదపరాని విషయాలను కుజగ్రహవాసి చేత పలికిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదని సెర్లింగ్ గ్రహించాడు. భారతీయ పాఠకుడికి ఇది కొత్త విద్యేమీ కాదు. రాజకుమారులకు రాజనీతి బోధించడానికి పంచతంత్రంలో విష్ణుశర్మ సింహాలనూ నక్కలనూ ఆశ్రయించాడు. నక్క చెప్పిన మాటకు రాజు నొచ్చుకోలేడు గదా! విష్ణుశర్మకు అడవి ఎటువంటిదో, సెర్లింగ్‌కు అంతరిక్షం అటువంటిది.

1959 అక్టోబరు 2న 'ట్వైలైట్ జోన్' మొదటి కథ ప్రసారమయింది. అంతకు 17 రోజుల ముందే, సెప్టెంబరు 15న, ఢిల్లీలో భారతదేశపు టెలివిజన్ ప్రయోగాత్మకంగా కళ్ళు తెరిచింది. ఇక్కడ పురుడు పోసుకుంటున్న ఆ సాధనం, అమెరికాలో అప్పటికే సబ్బులూ సిగరెట్లూ అమ్మే అంగడిగా స్థిరపడింది. ప్రసారం మొదలయ్యే ముందు మైక్ వాలెస్ అనే ప్రసిద్ధ విలేఖరి, ఇకమీదట టెలివిజన్‌కు ముఖ్యమైనదేదీ రాయదలచుకోలేదా అని సెర్లింగ్‌ను నిలదీశాడు. వివాదాలకు తాను స్వస్తి చెప్పినట్లే సెర్లింగ్ జవాబిచ్చాడు. ప్రాయోజకులు నమ్మి ఊరుకున్నారు. ఈ ధారావాహికలో వారి జోక్యం చాలా తక్కువ. ఒక కథలో మాత్రం, ఓడమీది బ్రిటిష్ అధికారి టీ అడగరాదన్నారు. ప్రాయోజకులు అమ్మేది కాఫీ మరి!

ఇక ముసుగు వెనుక సెర్లింగ్ ఏమేమి చెప్పాడు? మొహమంతా కట్లతో ఆసుపత్రిలో పడి ఉన్న యువతి, ఈసారైనా తన కురూపం పోతుందా అని ఎదురుచూస్తుంది. కట్లు విప్పుతారు. ఆమె ముఖం చంద్రబింబం. నిరాశతో వెనుదిరిగిన వైద్యుల ముఖాలే వికృతం. ఆ దేశంలో అందరూ ఒక్కలాగే ఉండాలని అధినేత తెరమీద గర్జిస్తుంటాడు. నాజీ అధికారి ఐక్‌మన్‌ను ఇజ్రాయెల్‌లో విచారిస్తున్న 1961లోనే వచ్చిన మరొక కథలో, పూర్వపు నాజీ అధికారి ఒకడు పాతరోజులను తలచుకుని మురిసిపోవడానికి డాఖావ్ నిర్బంధ శిబిరానికి తిరిగి వెళతాడు. అక్కడ అతని కోసం మృతులు కాచుకుని ఉంటారు.

యుద్ధం విడవలేదు

ఈ కథల్లోని చీకటి కేవలం ఊహ కాదు. 1924 డిసెంబరు 25న న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టి, బింగ్‌హామ్‌టన్‌లో పెరిగిన సెర్లింగ్, హైస్కూలు చదువు పూర్తికాగానే సైన్యంలో చేరాడు. పారాచూట్ దళంతో ఫిలిప్పీన్స్‌లోని లేటి ద్వీపంలో పోరాడి గాయపడ్డాడు. ఆకలితో అలమటిస్తున్న సైనికులకు విమానాలు ఆహారపు పెట్టెలు జారవిడిచేవి. ఒకరోజు అటువంటి పెట్టె మీదపడి, ఆయన కళ్ళ ఎదుటే ఆప్తమిత్రుడొకడు చనిపోయాడు. ప్రాణం నిలపవలసిన అన్నమే ప్రాణం తీసింది! వరం శాపంగా మారే మలుపులు ఆయన కథల్లో అన్ని ఉన్నాయంటే ఆశ్చర్యమేముంది? తీరిగ్గా చదువుకునే ఏకాంతం కోసం పరితపించే బ్యాంకు గుమాస్తా కథ అందరికీ గుర్తుండిపోయింది. అణుయుద్ధంలో లోకమంతా నశించి, పుస్తకాల రాశుల నడుమ అతనొక్కడే మిగులుతాడు. అప్పుడు అతని కళ్ళజోడు జారిపడి పగిలిపోతుంది. దీనికి మూలం లిన్ వెనబుల్ రాసిన కథానిక.

1945లో, సెర్లింగ్ ఇంకా సైన్యంలో ఉండగానే, తండ్రి గుండెపోటుతో మరణించాడు. కడసారి చూపు దక్కలేదు. 1959లో వచ్చిన 'వాకింగ్ డిస్టెన్స్' కథలో, పరుగులతో అలసిపోయిన 36 ఏళ్ళ ఉద్యోగి ఒకడు తాను పుట్టిన ఊరికి నడిచి వెళతాడు. అక్కడ కాలం కదలలేదు. తండ్రి బ్రతికే ఉన్నాడు. చిన్ననాటి తాను రంగులరాట్నం మీద తిరుగుతున్నాడు. చివరకు తండ్రే అతణ్ణి గుర్తించి, ఇది ఆ పిల్లవాడి వేసవి, నీ చోటికి నువ్వు వెళ్ళు నాయనా అని మృదువుగా నచ్చజెప్పి పంపిస్తాడు. సెర్లింగ్ బాల్యంలో తిరిగిన బింగ్‌హామ్‌టన్ పార్కులో ఆ రంగులరాట్నం నేటికీ ఉన్నది.

కలం కలిపిన మిత్రులు

తక్కిన కథల్లో అధికభాగం రిచర్డ్ మాథసన్, చార్లెస్ బోమాంట్‌లవి. మాథసన్‌ది మామూలు మనిషిని అసాధ్యమైన పరిస్థితిలోకి నెట్టి, ఊపిరి సలపనివ్వని నేర్పు. మతిభ్రమకు చికిత్స పొంది ఇంటికి తిరిగి వెళుతున్న ప్రయాణికుడికి, 20,000 అడుగుల ఎత్తున విమానం రెక్కమీద ఒక వింత జంతువు కనబడుతుంది. ఎవరు నమ్ముతారు? 1963లో వచ్చిన ఈ కథ చూసినవారు, ఆ తరువాత కిటికీ పక్క సీటులో కూర్చున్నప్పుడల్లా దానిని తలచుకున్నారు.

బోమాంట్ జీవితం ఆయన కథలకంటె విషాదకరం. వేల ఏళ్ళుగా వృద్ధాప్యం సోకని మనిషి, కొద్ది నిముషాల్లో ముసలివాడై ధూళిగా రాలిపోయే కథను 1960లో ఆయన రాశాడు. నాలుగేళ్ళు తిరగకముందే, అకాల వార్ధక్యం తెచ్చే వింత మెదడు జబ్బు ఆయననే పట్టుకున్నది. మాటలు తడబడ్డాయి, రాయడం అసాధ్యమయింది. ఆయన కుటుంబానికి ఆదాయం ఆగిపోకూడదని జెర్రీ సోల్ మొదలైన మిత్రులు, తాము రాసిన కథలను ఆయన పేరుతోనే ఇచ్చి, వచ్చిన డబ్బును పంచుకున్నారు. 1967లో, 38వ ఏట, బోమాంట్ కన్నుమూశాడు.

పాతబడినదీ పాతబడనిదీ

ఈ 156 కథలూ ఆణిముత్యాలు కావు. కొన్నింట్లో పాత్రలు మాట్లాడుకోవు, ఉపన్యసిస్తాయి. గంట నిడివికి సాగదీసిన నాలుగవ విడత కథల్లో బిగువు సడలింది. రాకెట్లు చూస్తే నేటి పిల్లలు నవ్వుతారు. అయినా, అంతకు పదింతల ఖర్చుతో తీసిన ఎన్నో అంతరిక్ష గాథలు మరుగున పడిపోగా ఇవి నిలిచాయి. రాకెట్టు మీద ఆధారపడిన కథ రాకెట్టుతోపాటే తుప్పు పడుతుంది. పొరుగువాడిని అనుమానించడం, అందరూ ఒకే మూసలో ఉండాలనడం, గతంలోకి పారిపోవాలనుకోవడం — ఇవి ఏ నమూనాకూ చెందిన యంత్రాలు కావు. మేపుల్ స్ట్రీట్‌లో పుకారు నోటినుంచి నోటికి నడిచి వెళ్ళింది. నేడు చేతిలోని ఫోనులో రెప్పపాటున చేరుతుంది. కథలో మరొక్క అక్షరం మార్చనక్కరలేదు.

1964 మార్చిలో, ధారావాహిక ముగింపుకు వచ్చిన రోజుల్లో, సెర్లింగ్ ఒక విచిత్రమైన కథ రాశాడు. ఒక చిన్న ఊళ్ళో, ఒకరిని ఉరితీయవలసిన రోజున సూర్యుడు ఉదయించడు. జనం గుండెల్లోని ద్వేషమే చీకటై కమ్ముకున్నదంటాడు నల్లజాతి మతగురువు. చివర రేడియోలో వార్తలు వస్తాయి: చీకటి మరికొన్ని చోట్ల కూడా కమ్ముకుంటున్నది. ఆ పేర్లలో బెర్లిన్ గోడ ఉన్నది; అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన డల్లస్ నగరపు వీథి ఉన్నది; దక్షిణాదిలోని బర్మింగ్‌హామ్ ఉన్నది. ఆరు నెలలక్రితమే ఆ ఊరి చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లజాతి బాలికలు మరణించారు. దక్షిణాదిని తలపించే సీసానైనా చూపనివ్వని టెలివిజన్‌లో, ఎనిమిదేళ్ళ తరువాత, ఊరి పేరే వినిపించింది.

ధారావాహిక 1964 జూన్‌లో ఆగిపోయింది. ఇక లాభం రాదనుకుని సెర్లింగ్ తన హక్కులను సి.బి.ఎస్.కు అమ్మివేశాడు. పునఃప్రసారాల్లో అది కురిపించిన కనకవర్షం ఆయనకు దక్కలేదు. 1985లో, 2002లో, 2019లో అదే పేరుతో కొత్త ధారావాహికలు వచ్చాయి. పాత నలుపు తెలుపు కథలను మాత్రం అవి మరపించలేకపోయాయి.

1975 మార్చిలో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో సెర్లింగ్ తన రచనలను గురించి గొప్పగా ఏమీ చెప్పుకోలేదు. మంచి రచన కాలానికి నిలవాలనీ, తనవి ఆనాటికి మాత్రం సరిపోయేవనీ అన్నాడు. నూరేళ్ళ తరువాత ఎవరైనా తలచుకుంటే, అతనొక రచయిత అనుకుంటే చాలునన్నాడు. మూడు నెలలకు, జూన్ 28న, గుండెకు శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆయన మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 50 ఏళ్ళు.

ఆయన కోరిన నూరేళ్ళలో సగం గడిచింది. కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా అమెరికన్ టెలివిజన్ ఆ కథలను రాత్రింబవళ్ళు వరుసగా ప్రసారం చేయడం ఎన్నో ఏళ్ళుగా ఆనవాయితీ అయింది. మేపుల్ స్ట్రీట్‌లో దీపాలు ఆరిపోగానే, అప్పటికి పుట్టనైనా లేని ప్రేక్షకులు నేటికీ ఉలిక్కిపడి కిటికీలోంచి తమ పొరుగింటివైపు ఒకసారి చూస్తారు.