నల్లకోటు వేస్తే ఇల్లు గడుస్తుందా?

చేవెళ్ళ: ఇంటర్ పాసైన పిల్లవాడు లా చదువుతానంటే చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల్లో తండ్రికి ముందుగా కలిగే సందేహం ఒకటే. చదువు సరే, సంపాదన ఎప్పటికి?

ఈ ప్రాంతంలో వకీలు వృత్తికి గౌరవం కొత్తగా రావలసింది కాదు. జిల్లా పేరే ఒక వకీలు పేరు. మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో 1890లో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి వకాలత్ చేశారు. 1936లో షాద్‌నగర్ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయ్యారు. నిజాం ఏలుబడిలో కోర్టు భాష ఉర్దూ. అది రాని తెలుగు రైతుకు వకీలే నోరు. 1978లో కొత్తగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆయన కుమారుడు కొండా మాధవరెడ్డి ఆంధ్రప్రదేశ్, బొంబాయి హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు.

పెద్దల కథలు చెప్పుకోవడానికి బాగుంటాయి. రెండెకరాల రైతు ఇంట్లో లెక్క వేరు.

లాసెట్ రాసి సీటు వచ్చాక, ఇంటర్ చదివినవారికి ఐదేళ్లు, డిగ్రీ అయినవారికి మూడేళ్లు. పట్టా చేతికొచ్చాక బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆపై అఖిల భారత బార్ పరీక్ష. నమోదు రుసుం కింద జనరల్ వారి నుంచి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి తీసుకోరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు వేలల్లో కట్టవలసి వచ్చేది.

అసలు బరువు ఆ తర్వాత మొదలవుతుంది. సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరినవారు ఫైళ్లు మోయాలి, వాయిదాలు రాసుకోవాలి, నకళ్ల కోసం తిరగాలి. చేతికి వచ్చేది సీనియర్ దయను బట్టి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే, కట్టడి కాదు. పోనీ పగలు మరోచోట జీతానికి పనిచేద్దామంటే, ప్రాక్టీసు చేసే వకీలు పూర్తికాలం ఉద్యోగం చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. చదువు కాగానే జడ్జి పరీక్ష రాద్దామన్న ఆశ కూడా పోయింది. సివిల్ జడ్జి ఉద్యోగానికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

మరి కేసులు లేవా అంటే, వాటికి కరువు లేదు. జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో, దాన్ని సడలిస్తూ 2022లో వచ్చిన 69 జీవో మొయినాబాద్ భూముల చుట్టూ ఎన్నో చిక్కులు తెచ్చాయి. 2020లో ధరణితో పాటు రెవెన్యూ కోర్టులు పోయాయి. పాసుబుక్కులో తప్పు పడిన రైతు సివిల్ కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. 2025లో భూభారతి వచ్చాక అప్పీలు చేసుకునే దారి మళ్లీ దొరికింది. ఇలాంటి తగాదాల్లో సేత్వార్, ఖాస్రా పహాణీ చూసి ఏ సర్వే నంబరు ఎవరి తాతదో చెప్పగల పల్లె పిల్లవాడికి, పట్నం కాన్వెంటులో చదివినవాడికి లేని బలం ఉంటుంది. ఆడపిల్లలకూ ఇదే మాట వర్తిస్తుంది. భూమిలో వాటా అడగడానికి వచ్చే ఆడవారు మగ వకీలు ముందు చెప్పలేని సంగతులు ఎన్నో ఉంటాయి.

కనుక కొడుకో, కూతురో నాలుగైదేళ్లు ఇంటికి పైసా పంపకపోయినా నెట్టుకురాగల కుటుంబానికి ఈ చదువు నష్టం కాదు. రెండో ఏడే అప్పు తీర్చమని అడిగే ఇంటికి మాత్రం కష్టమే. ఇందుకోసం ఉన్న ఎకరం అమ్ముకోవడం అసలే తగదు.

చేవెళ్ళలో జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఉంది. పెద్ద దావా అయితే నగరం దాటి ఎల్.బి.నగర్ వెళ్లాలి. ఒక్క వాయిదాకు రోజంతా పోతుంది. రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టు భవనానికి 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే ఈ ప్రాంతం వారికి హైకోర్టు దగ్గరవుతుంది. జిల్లా కోర్టుకు మాత్రం పొద్దున్నే బస్సు పట్టుకోవలసిందే.