మీకు తెలుసా? 'డ్యూన్' ఇసుకలో దాగిన వింతలు!

ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' నవల 1965లో వచ్చింది. నీటిబొట్టుకు కరువైన అరాకిస్ అనే ఎడారి గ్రహం, ఆ ఇసుకలో మాత్రమే దొరికే 'స్పైస్' అనే పదార్థం, దానికోసం రాజవంశాల కొట్లాట. కథ జరిగేది ఏకంగా 10191వ సంవత్సరంలో! ఈ కథను వెండితెర మీదికి తేవడానికి ఎంతమంది ఎన్ని తంటాలు పడ్డారో వింటే ముక్కున వేలేసుకుంటారు.

ఈ నవలను అచ్చువేసిన చిల్టన్ సంస్థకు అసలు పేరొచ్చింది ఏ పుస్తకాలతోనో చెప్పుకోండి చూద్దాం? కార్ల రిపేరు పుస్తకాలతో! 20కి పైగా ప్రచురణ సంస్థలు 'మాకొద్దు' అన్నాక ధైర్యం చేసింది వాళ్లే.

కథకు విత్తనం పడింది అరేబియా ఎడారిలో కాదు, అమెరికాలోని ఒరెగాన్ సముద్రతీరంలో! అక్కడ కదిలే ఇసుక దిబ్బలను గడ్డి నాటి ఆపుతున్నారని తెలిసి 1957లో హెర్బర్ట్ వ్యాసం రాద్దామని వెళ్లాడు. వ్యాసం పూర్తికాలేదు, నవల మాత్రం పుట్టింది.

నవలలోని ఇసుక పురుగుల్లో కొన్ని 400 మీటర్లు దాటి పెరుగుతాయి. అంటే ఐఫిల్ టవర్ ఎత్తు కూడా దాని ముందు చాలదు! తర్వాతి రోజుల్లో ఈ కథను సినిమాగా తీసిన దర్శకుడు డెనీ విల్నవ్ బృందానికి ఈ పురుగు రూపం తేల్చుకోవడానికే దాదాపు ఏడాది పట్టింది. దాని నోటిలోని పళ్లకు తిమింగలం నోట్లో ఉండే జల్లెడలాంటి అమరికే ఆధారం.

ఇక అసలైన వింత! చిలీలో పుట్టిన దర్శకుడు అలెహాంద్రో హొదొరోవ్‌స్కీ 1970లలో ఈ సినిమా తలపెట్టాడు, అదీ నవల చదవకుండానే! ఆయన అనుకున్న నిడివి 10 నుంచి 14 గంటలు. అంటే మన మూడు గంటల సినిమాలు నాలుగు వరసగా చూసినట్టు! చక్రవర్తి వేషానికి ప్రఖ్యాత చిత్రకారుడు సాల్వడార్ డాలీని అడిగితే ఆయన కోరిన పారితోషికం గంటకు లక్ష డాలర్లు. అంత ఇచ్చుకోలేక, కొద్ది నిమిషాలే ఆయనతో తీసి, మిగతాది ఆయన పోలికలున్న మరబొమ్మతో కానిద్దామనుకున్నారు! కథానాయకుడి పాత్ర కోసం దర్శకుడి కొడుకు రెండేళ్లు యుద్ధవిద్యలు నేర్చుకున్నాడు. చివరికి ఏమైంది? డబ్బు పుట్టలేదు, సినిమా తీయనేలేదు. పాపం ఆ పిల్లవాడు!

తీయని ఆ సినిమా కోసం గీసిన బొమ్మల పుస్తకం 2021లో పారిస్ వేలంలో ఎంతకు పోయిందో ఊహించగలరా? దాదాపు 26.6 లక్షల యూరోలకు! వేలంవాళ్లు అంచనా వేసింది 25 నుంచి 35 వేలు మాత్రమే. కొన్నవాళ్లకు పుస్తకం దక్కింది గానీ సినిమా తీసే హక్కులు దాంతోపాటు రావు కదా!

ఆ ఆగిపోయిన బృందంలోని నలుగురు తర్వాత ఇంకో సినిమాకు పనిచేశారు. అదే 1979లో ప్రపంచాన్ని వణికించిన 'ఏలియన్'! దాని దర్శకుడు రిడ్లీ స్కాట్ కూడా కొన్నాళ్లు 'డ్యూన్' మీద పనిచేసి, వదిలేసి, 'బ్లేడ్ రన్నర్' తీశాడు.

1984లో డేవిడ్ లించ్ ఎట్టకేలకు సినిమా తీశాడు, మెక్సికోలో 80 సెట్లు వేసి! కథ అర్థంకాదేమోనన్న భయంతో కొన్ని థియేటర్లలో ప్రేక్షకులకు పదాల అర్థాలు అచ్చువేసిన కాగితం పంచారు. ఆ తర్వాత టీవీ కోసం సినిమాను పొడిగించి అతుకులు వేస్తే, లించ్ దర్శకుడిగా తన పేరే తీయించేసుకున్నాడు.

నన్నడిగితే ఈ నవలతో అన్నిటికన్నా పెద్ద చిక్కు పురుగు కాదు, మనసు! పేజీ పేజీలో పాత్రలు లోలోపల ఆలోచిస్తూనే ఉంటాయి, కెమెరాకు ఆలోచన కనబడదు కదా. లించ్ ఆ ఆలోచనలను గుసగుసలుగా వినిపించాడు; విల్నవ్ చాలావరకు వదిలేసి, కథానాయకుడికీ అతని తల్లికీ మధ్య రహస్య చేతి సైగలు పెట్టాడు. ఆ సైగలు గుసగుసల కన్నా ఎంత బాగా పలికాయో!

విల్నవ్ సినిమాలో గ్రాఫిక్స్ కోసం చాలాచోట్ల కట్టిన తెర ఆకుపచ్చది కాదు, ఇసుక రంగుది! ఆకుపచ్చ తెర కడితే దాని పచ్చదనం నటుల ముఖాల మీద పడుతుంది, ఇసుక రంగైతే నిజంగా ఎడారిలో నిలబడ్డట్టే ఉంటుంది.

ఆ సినిమాలో స్పైస్ కలిసిన ఇసుక మీద నడిస్తే వచ్చే కరకర చప్పుడు దేనిదో తెలుసా పిల్లలూ? రైస్ క్రిస్పీస్‌ది! పాలల్లో వేసుకుని తినే ఆ బియ్యపు పలుకులనే ఇసుకలో కలిపి తొక్కి రికార్డు చేశారు.

ఇంకోటి! 2021లో వచ్చిన విల్నవ్ సినిమా మొదటి భాగాన్ని డిజిటల్ కెమెరాతో తీశారు, తర్వాత పాతకాలపు ఫిల్ము మీదికి ఎక్కించారు, మళ్లీ డిజిటల్‌లోకి దించారు. బొమ్మకు ఆ ఫిల్ము మెత్తదనం కావాలనే ఇంత ప్రయాస.

2024 రెండో భాగంలో నల్ల సూర్యుడి కింద జరిగే పోరాటం చూశారా? దాన్ని మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో చిత్రీకరించారు, అందుకే మనుషుల చర్మం పాలిపోయి దయ్యాల్లా మెరుస్తుంది! నల్లబట్టలు కొన్ని ఆ కెమెరాలో తెల్లగా కనిపించేసరికి దుస్తులన్నీ ముందే పరీక్షించుకోవాల్సి వచ్చింది.

155 నిమిషాల మొదటి భాగంలో నటి జెండయా కనిపించేది 7 నిమిషాలే!

సగం కథతో ఆగిపోయిన ఆ సినిమాకు రెండో భాగం ఉంటుందని ఎప్పుడు ఖాయమైంది? అమెరికాలో విడుదలైన నాలుగు రోజులకు! ఆ సగం కథకే 6 ఆస్కార్లు వచ్చాయి. గ్రాఫిక్స్ ఆస్కార్‌లో పాలుపంచుకున్న లండన్ సంస్థ డీనెగ్‌కు మన చెన్నై, ముంబైలలోనూ స్టూడియోలున్నాయి.

ఆఖరుగా ఇది వినండి: శని గ్రహానికి ఉన్న టైటాన్ అనే చందమామ మీద నిజంగానే ఇసుక దిబ్బలున్నాయి. అక్కడి మైదానాలకు శాస్త్రవేత్తలు ఈ నవలల్లోని గ్రహాల పేర్లే పెట్టారు; వాటిలో ఒకదాని పేరు అరాకిస్ ప్లానీషియా!