తడిసిన ధాన్యం పైనే ఉండాలి

బాచుపల్లిలో కట్టిన ఫ్లాట్లకు కరపత్రం రాసిపెట్టమని ఓ మిత్రుడు మమ్మల్ని అడిగారు. ‘నీటికి కొదవ లేదు’ అని తప్పక రాయాలట. వేసవిలో ఆ భవనానికి ట్యాంకర్లే దిక్కని ఇద్దరికీ తెలుసు. మా కలం కదల్లేదు.

దైవప్రవక్త (స) ఒకసారి ధాన్యపు రాశిలో చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వర్తకుడు. జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు (ముస్లిం).

ఇస్లాం లాభాన్ని కాదనలేదు. ప్రవక్త (స) స్వయంగా వర్తకం చేశారు. దాచి అమ్మడమే నిషిద్ధం. దివ్యఖుర్ఆన్ 68వ సూరాకు కలం పేరు, 83వ సూరాకు తూకంలో దగా చేసేవారి పేరు ఉన్నాయి. రాసేవాడి చేతిలోనూ త్రాసుంది.

ట్యాంకర్ల సంగతీ చేర్చి ఇచ్చాం. మిత్రుడు మరొకరితో రాయించుకున్నారు. కరపత్రం నమ్మి కొన్న ఇంట్లో కుళాయి ఎండితే, అచ్చులో ఉన్నదంతా అబద్ధమని నేర్చుకునేది పిల్లలే. రేపటి సమాజం వాళ్ళదే. అల్లాహ్ మన కలాలకు, త్రాసులకు నిజాయితీ ప్రసాదించుగాక!