కత్తికి ముందు రెండు నెలలు

వికారాబాద్, తాండూరు వైపు కడుపులో మంట అంటే ముందు అనుకునేది గ్యాసే. మెడికల్ షాపులో ఓ గోలీ, తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది. ఆకలి చచ్చి, రెండు ముద్దలకే కడుపు నిండి, మలం నల్లబడితే గానీ ఎండోస్కోపీ మాట రాదు. అప్పటికే గడ్డ జీర్ణాశయం గోడలోకి లోతుగా దిగి ఉంటుంది. ఇక రైలెక్కి నాంపల్లిలో దిగి, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి దారి అడగడమే.

“సార్, ముందు ఆ గడ్డ తీసెయ్యండి.” ఇంటివాళ్ల మొదటి మాట ఇది. డాక్టరు ముందు కీమో అనగానే ముఖాలు వాడిపోతాయి. చెయ్యి దాటిపోయిందని చెప్పలేక అలా అంటున్నారేమోనని అనుమానం. నిజానికి ఆపరేషన్‌తో నయమయ్యే ఆశ ఉన్నవాళ్లకే ఈ వరస.

1881 జనవరిలో వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ ఒక మహిళకు క్యాన్సర్ సోకిన జీర్ణాశయ భాగాన్ని కోసి, మిగిలినదాన్ని పేగుకు కలిపి కుట్టాడు. ఆపరేషన్ గెలిచింది, కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టి ఆమె చనిపోయింది. కత్తికి అందని కణాలు ఒంట్లో మిగిలిపోవడమే చిక్కు. 2006లో బ్రిటన్ వైద్యులు 503 మందిపై చేసిన ‘మ్యాజిక్’ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ ఒక్కటే అయితే అయిదేళ్లు బతికినవాళ్లు నూటికి 23 మంది. ముందూ వెనకా కీమో తోడైతే 36 మంది. అయినా సర్జరీ తర్వాతి కోర్సులు చాలామంది పూర్తి చేయలేకపోయారు. ఒళ్లు గట్టిగా ఉన్నప్పుడే కొంత మందు ఎక్కించడం అందుకే. 2019లో జర్మనీ నుంచి వచ్చిన ‘ఫ్లాట్’ పద్ధతి ఇంకాస్త మెరుగు: రెండు వారాలకోసారి నాలుగు విడతలు, ఆపరేషన్, మళ్లీ నాలుగు.

ఇందులో ఆక్సాలిప్లాటిన్ అనే మందుకు చలి పడదు. అనంతగిరి గుట్ట కింద డిసెంబరు తెల్లారుజామున స్టీలు చెంబు పట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది. చల్లనీళ్లు గొంతులో పడితే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. కంగారు అక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లు, చేతులకు ఉన్ని తొడుగులు చాలు. జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది.

కాలేయానికో, పొట్ట పొరలకో పాకితే లెక్క మారుతుంది. అప్పుడు కూడా గడ్డ తీస్తే మేలేమోనని జపాన్, కొరియా, సింగపూర్ వైద్యులు పరీక్షించి చూశారు. 2016లో వచ్చిన జవాబు: కీమో ఒక్కటే తీసుకున్నవారి కంటే, ఆపరేషన్ కూడా అయినవారు ఎక్కువ కాలమేమీ బతకలేదు. అందుకే స్కాన్‌కు చిక్కని చుక్కల కోసం ముందే ల్యాపరోస్కోపీతో పొట్ట లోపల చూస్తారు. అది అనవసరపు ఖర్చు కాదు, అనవసరపు కోతను తప్పించే పరీక్ష.

అనంతగిరి గుట్ట మీద నిజాం కాలంనాటి టీబీ శానిటోరియం ఉంది. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి ఓపిక అక్కడ వైద్యంలో భాగమే. ఈ క్యాన్సర్ వైద్యంలోనూ తిండి భారం ఇంటివాళ్లదే. జీర్ణాశయం తీసేశాక పళ్లెం నిండా పెట్టి తినమని బతిమాలకూడదు. రోజుకు ఆరుసార్లు, గుప్పెడు గుప్పెడు. తాండూరు కందిపప్పులో నానేసి మెత్తగా చిదిమిన జొన్నరొట్టె, గుడ్డు, పెరుగు. తీపి తక్కువ, నీళ్లు తిండికి కాస్త ఎడంగా. మొత్తం తీసేసినవారికి బీ12 సూది జన్మంతా తప్పదు.