సినిమాకు వెలుపలి పాట

శ్రీరామనవమి పందిళ్లలో ఏటేట కనిపించెడు దృశ్యమొకటి కలదు. ఊరి కుఱ్ఱవాండ్రు నలుగురు హార్మోనియము, తబలా, గిటారులతో వేదిక నెక్కుదురు. మొదట వినాయకునిపై ఒక పాట, పిమ్మట రెండు సినిమాపాటలు పాడుదురు. చప్పట్లు మ్రోగును. అప్పుడు వారిలో ఒకడు తాను స్వయముగా వ్రాసి వరుస కట్టుకొన్న పాటను ఎత్తుకొనును. అది ఎండిపోయిన తమ ఊరి చెఱువును గూర్చిన పాట. మొదటి చరణము ముగియకముందే వెనుకవరుసనుండి "ఒరేయ్, సినిమాపాట పాడరా!" అని కేక వినవచ్చును. కేక వేసినవాడు దుర్మార్గుడు కాడు. ఆ కుఱ్ఱవాని మేనమామయే కావచ్చును. తెలిసిన పాటను మఱల వినవలెనని అతని కోరిక, అంతే. కుఱ్ఱవాడు చిన్నబోయి, తన పాటను నడుమ నాపి, అందఱు నెఱిగిన పల్లవిని అందుకొనును. మఱుసటి ఏడు అతడు ఆ పాటను పందిరికి తెచ్చుకొనడు.

తెలుగువారికి సొంతపాటపై ప్రీతి లేదని దీనినిబట్టి తీర్మానించుట తగదు. పూర్వము మన పల్లెలలో పాట లేని పని లేదు. ఉయ్యాలకు లాలిపాట, తిరుగలికి తిరుగలిపాట, పొలమునకు నాట్లపాట, పెండ్లికి నలుగుపాట, బండివానికి ఏలపాట ఉండెడివి. వీనిని ఎవరును వెల యిచ్చి కొనలేదు, ఎవరును పోషింపలేదు. పాటకు పనిలో చోటుండెను గనుక అది బ్రతికెను. పిండిమర వచ్చినది; తిరుగలి అటకెక్కినది; దానితోపాటు ఆ పాటయు మూగవోయినది. పాట బాగుగా లేక పోలేదు, చోటు పోయినందున పోయినది. సినిమాకు వెలుపల నిలువజూచు నేటి పాట కష్టములు తెలియవలెనన్నచో ఈ సంగతిని మఱువరాదు.

సినిమా రాకముందు తెలుగునాట గ్రామఫోను రికార్డులలో పేరుపొందినవి నాటకపద్యములు. 1930 తరువాత తెలుగు టాకీలు వచ్చినవి. పాట కొక ముఖము, ఒక కథ, ఒక సందర్భము ఒక్కసారిగా చేకూరినవి. పట్టణ పట్టణమున ప్రదర్శనశాల వెలసినది. దాని గుమ్మమువద్ద పాటల పుస్తకము స్వల్పపు వెలకు దొరకెడిది. చిత్రము ఆడినన్నాళ్లు ఆ పాటలు పూటపూటకు వినబడెను. ఆడుట మానిన పిమ్మటను హోటళ్లలో, పెండ్లిపందిళ్లలో మ్రోగెను. ఒక పాటను పదిసార్లు విన్న చెవికి అది చుట్టమగును. ఒక్కసారి విన్న పాట ఎంత మధురమైనదైనను దారినపోవు బాటసారియే. వెలుపలి పాట ఓడిపోయినది ముఖ్యముగా ఇచ్చటనే.

దానికి చోటు కల్పింప జూచినవారు లేకపోలేదు. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ఏర్పడినవి. 1941లో మద్రాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు తాను వ్రాసి, తానే స్వరపరచి, ఇతరులచేత పాడించి లలితసంగీత మను దానికి తెలుగులో ఒక రూపము తీర్చిన వారిలో ముఖ్యుడు. దేవులపల్లి కృష్ణశాస్త్రివంటి కవులు రేడియోకు గేయములు వ్రాసిరి. రావు బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి, ఎం. ఎస్. రామారావు మున్నగువారు సినిమాలలో పాడుచునే సినిమాలకు చెందని పాటలతోను ఇంటింట పేరు పొందిరి. ఘంటసాల పాడిన కరుణశ్రీ 'పుష్పవిలాపము' ఏ చిత్రముయొక్క అండ లేకయే తెలుగువారిచేత కంటతడి పెట్టించినది.

ఆ ప్రయత్నములో ఒక పొరపాటును జరిగినది. 1952లో కేంద్ర సమాచారశాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ సినిమాపాటలు శ్రోతల అభిరుచిని చెఱచుచున్నవని తలచెను. ఆకాశవాణిలో వానికి చోటు మిక్కిలి తగ్గినది. ఆ ఖాళీని లలితగీతములు నింపగలవని ఆశ. కాని శ్రోతలు రేడియో ముల్లును సింహళద్వీపమువైపు త్రిప్పిరి! రేడియో సిలోను సినిమాపాటలు వినిపించుచుండగా దేశమంతయు అటు చెవియొగ్గెను. తుదకు 1957లో ఆకాశవాణియే వివిధభారతిని ప్రారంభించి సినిమాపాటకు తలుపు తెఱవవలసివచ్చినది. నిషేధము ఒక పాటను దూరము చేయగలదేమో కాని వేఱొక పాటను దగ్గఱ చేయలేదు.

అదే ఆకాశవాణి, ఆ దశకముననే, పూనా కేంద్రమునుండి మఱొక పని చేసినది. గ. ది. మాడ్గూళ్కరు వ్రాయగా సుధీర్ ఫడ్కే స్వరపరచిన 'గీతరామాయణము'ను 1955 ఏప్రిలు మొదలుకొని వారమున కొక పాట చొప్పున ఏడాదిపాటు వినిపించినది. మొత్తము 56 పాటలు. ఇచ్చట ఎవరిని ఏ పాటయు విన రాదని అనలేదు. ఒక దినమును, ఒక వేళను ఏర్పఱచిరి, అంతే. మహారాష్ట్రులు ఆ వేళకై కాచుకొనిరి. పిమ్మట ఫడ్కే ఆ పాటలను ఊరూర వేదికలపై పాడెను. వంగదేశమున రవీంద్రుని పాటలు రెండువేలకు పైగా కలవు. వానిని పిల్లలు ఇండ్లలోను, పాఠశాలలలోను నేర్చుకొనుట పరిపాటి. అంతేకాదు, దుర్గాపూజలనాటికి సినిమాతో పనిలేని క్రొత్తపాటల రికార్డులు విడుదల చేయుట గ్రామఫోను కంపెనీల ఆచారముగా ఉండెడిది. మనవారు సంక్రాంతికి క్రొత్త చిత్రమునకై ఎదురుచూచినట్లు వంగీయులు పూజలకు క్రొత్తపాటకై ఎదురుచూచెడివారు.

తెలుగువారిలోను చోటు దొరికిన పాట నిలిచినది. 15వ శతాబ్దివాడైన తాళ్లపాక అన్నమాచార్యుని కీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయపు అరలో శతాబ్దులపాటు మౌనముగా పడియుండెను. 20వ శతాబ్దమున అవి వెలికివచ్చిన పిమ్మట రాళ్లపల్లి అనంతకృష్ణశర్మవంటి పండితులు పరిష్కరించి స్వరములు కూర్చిరి. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించి గాయకులచేత పాడించిరి, నేర్పించిరి. ఘంటసాల తన అంత్యదినములలో పాడిన భగవద్గీతకు గుడిమైకు, వేకువజాము ఉన్నవి. కాని ఎండిన చెఱువును గూర్చి పాడువానికి ఏ గుడి కలదు? ఏ వేళ కలదు?

ఇక ధనము మాట. సినిమా ప్రదర్శనశాలలో చీటి కొనని తెలుగువాడుండడు. నవమిపందిరిలోని పాటకు చీటి కొనుట యెఱుగడు. చందాలతో నడచు ఉత్సవమున సంగీతము ఊరకే దొరకునని అతని యలవాటు. ఈ యలవాటులో ఒక ఔదార్యమున్నది, పేదవాడును విన గలుగుచున్నాడు. కాని పాటకునికి మిగులునది దారిఖర్చు. రికార్డింగు వ్యయమును తానే భరింపవలెను. పాట రచయితకు, స్వరకర్తకు తమ సృష్టిపై వచ్చు ప్రతిఫలములో విడదీయరాని వాటాను 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము కల్పించినది. అయితే వాటా కలుగుటకు ముందు ఆదాయము కలుగవలెను గదా!

అంతర్జాలము వచ్చిన తరువాత పాట నిలుచుటకు దారి సుగమమైనదని కొందఱందురు. అది సగము నిజము. ఒకప్పుడు రికార్డు వెలువడవలెనన్న కంపెనీ తలుపు తట్టవలసియుండెను. నేడు పల్లెటూరి యువతి తన పాటను ఇంటనే ముద్రించి లోకమునకు వినిపింపగలదు. కాని ఆ తలుపు అందఱికిని తెఱచుటచే ఒక్కొక్క పాట లక్షల నడుమ నిలుచుచున్నది. వినువాడు తెలిసిన దానినే ముందు తాకును. సినిమాపాటకు చిత్రము వెలువడకముందే నటుని ముఖము, గోడపత్రికలు, దూరదర్శనములు తోడగును. పాటకులయందును లోపములు లేకపోలేదు. నగరములలోని కొన్ని బృందములు సినిమాకు దూరమని చెప్పుకొనుచునే సినిమా పలుకుబడిని, పరదేశపు ఉచ్చారణను అనుకరించును. అటువంటి పాటకు ఊరివారు చెవియొగ్గలేదని నొచ్చుకొనుట న్యాయము కాదు.

మఱొక విచిత్రము చూడుడు. వెలుపలి పాటకునకు తనవారియొద్ద మన్నన దొరకవలెనన్నను సినిమా ముద్ర కావలసివచ్చుచున్నది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్య ఏండ్ల తరబడి ఊరూర తిరిగి వీరగాథలు పాడెను. 2021లో ఒక చిత్రపు పాటలో ఆయన గొంతు వినబడినది. 2022లో పద్మశ్రీ లభించినది. ఆ కిన్నెర పేరే వినని పట్టణవాసులు అనేకులు దానిని గుర్తించినది ఆ చిత్రము తరువాతనే. సినిమా ఆయనకు కీడు చేసినదనలేము. అయినను సినిమాపాట కథకు లోబడినది. నాయకుని ప్రేమకో పౌరుషమునకో ఒదిగిన మాటనే అది కోరును. చెఱువు ఎండుట, వలసపోయిన అన్న ఉత్తరము వ్రాయకుండుట, పరీక్ష తప్పిన బాలుని దిగులు — ఇవి ఏ చిత్రమునను ఇముడక పోవచ్చును. వానిని పాడువాడు లేనిచో ఆ సంగతులకు తెలుగులో పాటయే ఉండదు.

తెలంగాణమున బతుకమ్మ తొమ్మిదినాళ్ల పండుగ. 2014లో అది రాష్ట్రపండుగ అయినది. పాతపాటలకు తోడు ఏటేట ఆ దినములకు ముందు క్రొత్తపాటలు పుట్టుచున్నవి. వానిలో పెక్కింటికి సినిమాతో సంబంధము లేదు. సాయంకాలము పూలచుట్టు స్త్రీలు చేరుదురు. ఒకామె పాడును, తక్కినవారు చప్పట్లు చరచుచు తిరుగుదురు. మొదటిచుట్టులో క్రొత్తపాట ముందామెకే వచ్చును. మూడవచుట్టుకు పల్లవి అందఱి నోట నుండును. తల్లి కొంగు పట్టుకొని తిరుగు పిల్లయు దానిని అందుకొనును. "సినిమాపాట పాడుము" అని ఆ వలయములో ఎవరును కేకవేయరు. ఆ పాటను వ్రాసిన దెవరో అడుగుటయు అరుదే.