యంత్రం చదవని మాటలు

పిల్లలూ! విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూసి, ఒక ఫొటో తీసి, శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మకు ఫోనులో పంపారనుకోండి. ఆ ఫొటో ఒక్కటిగా వెళ్ళదు. చిన్న చిన్న ముక్కలై, ఒక్కొక్క ముక్క మీద చిరునామాతో, ఉత్తరాలలాగా ప్రయాణం చేస్తుంది. ఆ ముక్కలను పంపడం, వచ్చినవాటిని అందుకోవడం ఫోను లోపల ఉండే ‘కెర్నెల్’ అనే ప్రోగ్రాము పని. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లైనక్స్ కెర్నెల్. దానిని 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ప్రారంభించాడు. ఇప్పుడు దేశదేశాలవారు కలిసి దానిని రాస్తున్నారు.

కెర్నెల్‌లో చేసే మార్పును ‘పాచ్’ అంటారు. అనగా అతుకు. తీసివేసే పంక్తికి ముందు తీసివేత గుర్తు, చేర్చే పంక్తికి ముందు కూడిక గుర్తు ఉంటాయి. కోడు పక్కనే మామూలు మాటలలో వివరణ కూడా రాస్తారు: ఇది ఏ పని చేస్తుంది? దీనికి ఏమి ఇవ్వాలి? ఇది తిరిగి ఏమి ఇస్తుంది?

చిత్రమేమిటంటే, ప్రోగ్రాము నడిచేటప్పుడు యంత్రానికి ఈ వివరణతో పనే లేదు! మరి అందులో తప్పుంటే నష్టమేమిటి?

ఒక లెక్క చూడండి. కంప్యూటరు ఒక ఇల్లయితే, దానికి నంబర్లు వేసిన గుమ్మాలు ఎన్నో ఉంటాయి. వెబ్ పేజీలకు మొదట కేటాయించిన గుమ్మం 80. ఈ సంఖ్యను రెండు గదులలో రాస్తారు. ఒకటి 256ల గది, రెండోది ఒకట్ల గది. మన 80కి 256ల గదిలో 0, ఒకట్ల గదిలో 80 ఉంటాయి. దారిలో వెళ్ళేటప్పుడు 256ల గది ముందుంటుంది. ఫోను లోపల సాధారణంగా ఒకట్ల గది ముందుంటుంది. దారి వరసలో ఉన్న సంఖ్యను ‘ఇది ఫోను వరసలో ఉంది’ అని వివరణలో పొరపాటున రాశారనుకోండి. ఆ మాట నమ్మినవాడికి 80 × 256, అనగా 20,480 వస్తుంది! 80వ గుమ్మం తట్టవలసిన ఉత్తరం 20,480వ గుమ్మం ముందు నిలబడుతుంది. కోడు సరిగానే ఉంది. దారి తప్పించింది వివరణే.

వివరణ రాయడం మరచిపోతే పట్టి ఇచ్చే పనిముట్లు ఉన్నాయి. కాని రాసిన మాట నిజమో కాదో మనిషే చూడాలి. అందుకే పరిశీలకులు కోడును, వివరణను పక్కపక్కన పెట్టి చదువుతారు. రాసినది నిజమేనా? కొత్తవాడికి అర్థమవుతుందా? రెండింటికీ ‘అవును’ అనుకుంటేనే ‘నేను పరిశీలించాను’ అని తమ పేరు ఇస్తారు.

ఆ రెండో ప్రశ్న మన ప్రాంతానికి కొత్తది కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు, రాత జనానికి అర్థమయ్యే భాషలో ఉండాలని ఎన్నో ఏళ్ళు వాదించారు.

మీరూ ఒక పరీక్ష చేయండి. మీ ఇంటినుంచి బడికి దారి కాగితం మీద రాసి స్నేహితుడికి ఇవ్వండి. కాగితంలో ఉన్నట్టే నడవమనండి. అతడు ఎక్కడ ఆగిపోతే అక్కడే మీ వివరణను దిద్దాలి!